బావ కోసం కట్టిన బాణీ

ఆర్కెస్ట్రాలో ఆయన్ని అందరూ గడియారం అనేవారు. ముఖాన కాదు, వెనకాల. ఎప్పుడో ఆ మాట ఆయన చెవిన పడింది. పైకి చిరాకుపడ్డారు గానీ లోలోపల మురిసిపోయారు. ఎందుకు మురిసిపోరు? రిహార్సల్‌కి అందరికంటే ముందొచ్చి, పెట్టెలోంచి చెల్లోని, మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే ఆ పెద్ద వయొలిన్‌ని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, తీగలు శ్రుతి చేసుకుని, మిగతావాళ్ళు కుర్చీలు ఈడ్చుకునే వేళకి కమాను ఒళ్ళో పెట్టుకుని కుదురుగా కూర్చునే మనిషి. తాళం తప్పి ఎరగరు. సెలవు పెట్టింది కూడా తక్కువే: పెళ్ళికోసారి, మామగారు పోయినప్పుడోసారి.

మామగారు పోయాకే బావమరిది ఆ ఇంటికి వచ్చాడు. అత్తగారు ఆస్పత్రిలో షిఫ్టుల్లో పనిచేసేది. బడికెళ్ళే కొడుకుని చూసుకునే తీరిక లేక కూతురి దగ్గర ఉంచింది. ఇంట్లో అందరికీ వాడు చిన్నోడు. వాడి మంచం ముందుగదికి గోడ అవతల ఉండేది. ముందుగదిలో ఈయన సాధన చేస్తున్నంతసేపూ వాడు గోడకి చెవి ఆనించుకుని పడుకునేవాడు.

"వీడికీ నాలుగు ముక్కలు నేర్పండి, మీ పక్కన కూర్చుంటాడు" అని భార్య పోరితే నేర్పబోయారు. వాడు కూర్చుంటేగా! కుర్చీలో ముళ్ళున్నట్టు లేచిపోయేవాడు. మీసాలు మొలిచే వయసుకి ఎక్కడినుంచో ఒక ఎలక్ట్రిక్ గిటారు మోసుకొచ్చాడు.

"ఇది వాయిద్యమా, ఇస్త్రీపెట్టా? ప్లగ్గు పెడితేగానీ పలకదేం?" అన్నారు ఈయన.

"ఇస్త్రీపెట్టెకి జనం ఈలలు వెయ్యరు బావా" అన్నాడు వాడు.

ఈలలు నిజంగానే వేశారు. చిన్నోడి రాక్ బ్యాండు మొదట కాలేజీ మైదానాల్లో, తర్వాత పెద్ద హాళ్ళలో, ఆ తర్వాత టికెట్లు దొరకని చోట్ల వాయించింది. జుట్టు భుజాలు దాటింది, తర్వాత నెరిసింది. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడల్లా బావ ఇస్త్రీపెట్టె మాట ఎత్తేవారు, బావమరిది నవ్వేవాడు. అంతకుమించి ఇద్దరికీ మాటల్లేవు. బడిలో లెక్కలు చెప్పే భార్యకి అదొక్కటే లోటు. "ఇద్దరూ సంగీతమే తిని బతుకుతారు, ఒకరి సంగీతం ఒకరు వినరు" అనేది.

ఇంక ఆయన వేలి సంగతి.

అది ఎప్పుడు మొదలైందో ఆయనకే సరిగా తెలీదు. ఒకరోజు సాధనలో ఎడమచేతి ఉంగరపు వేలు తీగ మీద నిలబడకుండా అరచేతిలోకి ముడుచుకుంది. చలి అనుకున్నారు. వేణ్ణీళ్ళలో పెట్టుకున్నారు. మర్నాడూ ముడుచుకుంది. కొన్నాళ్ళకి చిటికెన వేలు కూడా దాని వెంట పడింది. చెల్లో పక్కన పెడితే వేళ్ళు నిక్షేపంగా ఉండేవి. టీ కప్పు పట్టుకునేవి, చొక్కా గుండీలు పెట్టేవి, సూదిలో దారం ఎక్కించేవి. చెల్లో మెడ మీద చెయ్యి పెట్టగానే ఆ రెండూ ఎవరో లోపల్నుంచి తాడుతో లాగినట్టు వంగిపోయేవి.

భార్యకి చెప్పకుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన వేళ్ళు వంచి, సాచి, చెల్లో లేకుండానే చెల్లో పట్టుకున్నట్టు పట్టుకోమని చూశాడు.

"ఇది చేతి జబ్బు కాదండీ. చేతికి ఆజ్ఞలిచ్చేచోట చిక్కుపడింది."

"మరి టీ తాగేటప్పుడు ఏమీ కాదే?"

"అదే దీని తమాషా. జీవితమంతా ఏ పని ఎక్కువ చేశారో, సరిగ్గా ఆ పని దగ్గరే అడ్డుపడుతుంది. కొందరికి కొంత తగ్గుతుంది. చాలామందికి తగ్గదు."

తమాషా అన్న మాట ఆయన్ని చాలా రోజులు గుచ్చింది. తప్పు చేసినందుకు చెయ్యి పడిపోయిందంటే అర్థం ఉంది. ఒళ్ళు దాచుకోకుండా పని చేసినందుకు పడిపోవడం ఏమిటి? ఎవరిని అడగాలి?

ఎవరినీ అడగలేదు. మిగిలిన రెండు వేళ్ళతోనే నెట్టుకొచ్చారు. నాలుగు వేళ్ళు నాలుగు చోట్ల నిలబడాల్సినచోట, రెండు వేళ్ళని అటూ ఇటూ పరుగెత్తించేవారు. వరసలో చెల్లోలు చాలా ఉంటాయి. ఒకటి కాస్త మెత్తగా పలికితే ఎవరికి తెలుస్తుంది? రిటైరయ్యేదాకా ఇలాగే గడిచిపోతే చాలని రోజూ మొక్కుకునేవారు.

అప్పుడే చిన్నోడి బ్యాండు తమ పాత పాటలన్నిటినీ ఆర్కెస్ట్రాతో కలిపి ఊళ్ళోని కేథడ్రల్‌లో వాయించాలని నిర్ణయించింది. పిలిచింది ఏ ఆర్కెస్ట్రానో చెప్పక్కర్లేదు. తోటివాళ్ళు ముక్కు చిట్లించారు. ఆ పెద్ద చర్చిలో ఆ డ్రమ్ములేమిటి, మన చెవులేం కావాలి అని గొణిగారు. ఈయన మాత్రం నిజం చెప్పాలంటే సంతోషించారు. అంత రొదలో తన చెల్లో ఎవరికీ వినబడదు.

ఆ సంతోషం ఒక్క ఆదివారంతో పోయింది. బావమరిది భోజనానికి వచ్చి, తిన్నాక చెయ్యి తుడుచుకుని, సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. చేత్తో రాసిన స్వరాలు.

"బావా, ఇది నీకు."

"ఏమిట్రా ఇది?"

"చివరి పాటకి ముందు బ్యాండు ఆగిపోతుంది, ఆర్కెస్ట్రా కూడా ఆగిపోతుంది. ఒక్క చెల్లో. నువ్వే." వాడు తల వంచుకుని మాట్లాడుతున్నాడు, అన్నేళ్ళ ఈలలు విన్నవాడు. "చిన్నప్పుడు గోడ అవతల్నుంచి వినేవాణ్ణే, అదంతా కలిపి బాణీ కట్టాను. పాటలు కట్టడం నేనెక్కడ నేర్చుకున్నానని అందరూ అడుగుతారు. ఆ గోడ దగ్గర బావా. ఇంకెక్కడ?"

భార్య కొంగు కళ్ళకి అద్దుకుంది. గరిట పట్టుకుని వంటగది గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ వారం కూతురింటికి వచ్చి ఉన్న అత్తగారికి చెవులు కాస్త మందం. "ఏమిటంటున్నాడు?" అని గట్టిగా అడిగింది.

"అల్లుడుగారి కోసం పాట కట్టాడమ్మా! కచేరీలో ఆయనొక్కరే వాయిస్తారు!"

"మరి కండక్టరు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకుందమ్మా, ఆవిడ ఆడమనిషి."

"టికెట్లు కూడా ఆవిడే కొడుతుందా?" అంది అత్తగారు. అందరూ పడీ పడీ నవ్వారు. చేతులూపి ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టరంటే బస్సులో కండక్టరు కాదని ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

ఆ నవ్వులో ఆయన కాగితాలు చూశారు. రెండో వరస దగ్గర స్వరాలు మెట్లు దిగినట్టు గబగబా కిందికి దిగుతున్నాయి. నాలుగు వేళ్ళూ కావాలి. అంతా ఆయన వేళ్ళ గురించి తెలిసినవాడు రాసినట్టే ఉంది, పాత వేళ్ళ గురించి.

"బాగుందిరా" అన్నారు. అంతకంటే ఏం అనగలరు? చెప్పాలనుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా భార్య మొహం చూశారు. అన్నేళ్ళలో ఆవిడ అంత తేలికగా ఊపిరి పీల్చుకోవడం ఆయన చూడలేదు. మాట మింగేశారు.

మర్నాడు కండక్టర్‌ని కలిశారు. ఆమె ఆయనకంటే చాలా చిన్నది, ఆయనంటే గౌరవం.

"అమ్మా, ఆ సోలో నా పక్క కుర్చీ అమ్మాయికిద్దామా? చిన్నపిల్ల, పేరొస్తుంది."

"మీరెప్పుడూ ఇంతే సార్. ముప్ఫై మంది వెనకాల దాక్కుంటారు" అని నవ్వేసింది. "ఈసారి మిమ్మల్ని వదిలిపెట్టను. ఆయన మీకోసమే రాశారు, ఇంకొకళ్ళు వాయిస్తే ఊరుకుంటారా?"

దాన్ని మొహమాటం కింద జమకట్టినందుకు ఆయన ఆమెని ఏమీ అనలేరు. తన నోటితో అసలు సంగతి చెప్పలేదు కదా.

ఇంట్లో తలుపేసుకుని సాధన మొదలుపెట్టారు. మెట్లు దిగేచోట చెయ్యి మొత్తాన్ని కిందికి జారుస్తూ రెండు వేళ్ళతోనే పలికించే దారి ఒకటి వెతికారు. నెమ్మదిగా వాయిస్తే వచ్చేది. ఒక్కోసారి వేగంగా వాయించినా వచ్చేది. వచ్చిన రోజు అన్నం సహించేది. రాని రోజు భార్య, "ఏమండీ, ఒంట్లో బాలేదా?" అని నుదురు మీద చెయ్యి పెట్టి చూసేది.

రిహార్సళ్ళు కేథడ్రల్‌లోకి మారాయి. బయట ఎండగా ఉన్నా లోపల రాతి చలి. రంగుల అద్దాల కిటికీల్లోంచి నేల మీద పడ్డ ఎరుపూ నీలం వెలుగుల మీదుగా పనివాళ్ళు నల్లటి వైర్లు పరిచారు. డ్రమ్మర్‌ని చుట్టూ పారదర్శకమైన పలకలు పెట్టి బంధించారు. గాజుపెట్టెలో పులిలా ఉన్నాడని బాసూన్ ఊదే ఆయన అన్నాడు. మొదటి దెబ్బ వెయ్యగానే పైకప్పు దూలాల్లోంచి రెండు పావురాలు లేచాయి. చర్చి బాగోగులు చూసే ముసలాయన వణికిపోతూ ముందుకొచ్చాడు.

"బాబూ, ఆ గోడ మీది సున్నం మా తాతలనాటిది."

"మేం చివరి పాటదాకా రాలనివ్వం తాతా" అన్నాడు డ్రమ్మరు.

అసలు చిక్కు ప్రతిధ్వనితో వచ్చింది. ఆ చర్చిలో స్వరం పలికిన వెంటనే పోదు. పైకి ఎగిరి, స్తంభాల చుట్టూ తిరిగి, వెనకగోడని తాకి, మనం దాన్ని మర్చిపోయాక తిరిగి వచ్చి పలకరిస్తుంది. బ్యాండు ఒక తాళంలో, ఆర్కెస్ట్రా ఇంకో తాళంలో, గోడలు మూడో తాళంలో వాయిస్తున్నట్టు ఉండేది. "ఎవరూ చెవుల్ని నమ్మొద్దు. నా చెయ్యి చూడండి!" అని కండక్టర్ గొంతు చించుకునేది. ఎవరు ఎక్కడ తప్పినా ఆ రొదలో కలిసిపోయేది.

ఒక్కడికి మాత్రం కలవలేదు. ప్రతి చెల్లోకీ చిన్న మైకు తగిలించారు. ఆ మైకులన్నీ వెళ్ళేది వెనక బల్ల దగ్గర కూర్చున్న సౌండ్ ఇంజనీరు చెవుల్లోకి. ఒకరోజు విరామంలో అతను వచ్చి, మైకు సర్దుతున్నట్టు వంగి, చిన్నగా అన్నాడు.

"సార్, మిగతా పాటల్లో మీ మైకు తగ్గించమంటారా?"

"ఎందుకు?"

అతను మైకు క్లిప్పు బిగించాడు. "మీ ఇష్టం సార్. ఊరికే అడిగాను."

"తగ్గించు బాబూ" అన్నారు ఆయన.

"సోలోలో తగ్గించడానికి కుదరదు సార్. అక్కడ మీ మైకు ఒక్కటే ఉంటుంది." అతని గొంతులో ఎగతాళి లేదు. అందుకే ఆ మాట మరీ బరువుగా పడింది.

ఆ సాయంత్రమే బావమరిదిని పక్కకి పిలిచారు. చర్చిలో ఒక వారగా కొవ్వొత్తులు వెలిగించే చిన్న గది ఉంది. అక్కడ ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు.

"ఒరేయ్, నా చెయ్యి పనిచెయ్యట్లేదురా."

"అంటే?"

"ఉంగరపు వేలూ చిటికెన వేలూ. వాయించబోతే ముడుచుకుపోతున్నాయి."

చిన్నోడు జాలిగా నవ్వి, తన రెండు చేతులూ సాచి చూపించాడు. కణుపులు ఉబ్బి ఉన్నాయి. "చూడు. నాకు పొద్దున లేవగానే పిడికిలి పడదు. మనకి వయసొచ్చింది బావా. అందరికీ ఇంతే. వేదిక ఎక్కితే అన్నీ పోతాయి."

"అది కాదురా, ఇది వేరే..."

"నీకు ఒణుకు పుట్టడం నేనెప్పుడూ చూడలేదు బావా!" వాడు బావ భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "నిన్న రిహార్సల్లో ఎంత బాగా వాయించావో తెలుసా? మా డ్రమ్మరు ఏడ్చాడు. వాడు వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు."

నిన్న బాగానే వాయించిన మాట నిజం. నిన్న వచ్చింది. రేపు వస్తుందో రాదో ఆయన చేతుల్లో లేదు, అక్షరాలా లేదు. అది ఎలా చెప్పాలో తెలియక కొవ్వొత్తుల వంక చూస్తూ ఉండిపోయారు. ఎవరో పిలిస్తే చిన్నోడు లేచి వెళ్ళిపోయాడు. చెప్పీ చెప్పనట్టే అయిపోయింది.

కచేరీ రోజు చర్చి కిక్కిరిసిపోయింది. నల్ల చొక్కాల కుర్రాళ్ళ పక్కన శాలువాలు కప్పుకున్న పెద్దవాళ్ళు కూర్చున్నారు. ముందు బల్లల్లో భార్య, పక్కన అత్తగారు. రొద ఎక్కువైతే పెట్టుకోమని కూతురిచ్చిన దూదిని అత్తగారు చేతిలోనే ఉంచుకుంది. పాట వెంట పాట సాగింది. డ్రమ్ములు మోగినప్పుడు కాళ్ళకింద రాళ్ళు అదిరాయి. ఆ హోరులో ఆయన రెండు వేళ్ళతో వాయించుకుంటూ పోయారు. పక్క కుర్చీ అమ్మాయి కాగితాలు తిప్పుతూ ఒకటి రెండుసార్లు ఆయన చేతివంక చూసి, చూపు తిప్పుకుంది.

తర్వాత బ్యాండు ఆగింది. ఆర్కెస్ట్రా ఆగింది. చిన్నోడు గిటారు తీసి స్టాండుకి ఆనించి, ఎత్తు పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆ బాణీ వినడానికి చేతిలో ఏమీ ఉండకూడదని వాడి పట్టు.

కండక్టర్ ఆయన వంక చూసి తల ఊపింది.

మొదటి వరస చక్కగా వచ్చింది. లావు తీగ మీద నెమ్మదిగా నడిచే బాణీ అది. ఒక ఇంట్లో ఎవరో గోడ అవతల అన్నం వేళదాకా ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. అంతమంది జనంలో దగ్గు కూడా వినబడలేదు. ఆయనకి ఒక్క క్షణం ధైర్యం వచ్చింది. మెట్లు దిగేచోటికి చెయ్యి జార్చారు.

ఉంగరపు వేలు ముడుచుకుంది. ఈసారి ఒంటరిగా ముడుచుకోలేదు. నడిమి వేలిని కూడా పట్టి గుంజింది. వేలు తీగ మీద జారి, రెండు స్వరాల మధ్య ఎక్కడా కానిచోట ఆగింది. కమాను మాత్రం నిండుగా లాగుతూనే ఉంది. ఇంట్లో తప్పు స్వరం పలికిన చోటే చస్తుంది. అక్కడ చావలేదు. పైకి లేచి, స్తంభాలు చుట్టి, వెనకగోడని తాకి తిరిగి వచ్చింది. దాని కిందే ఆయన ఒప్పు స్వరం వాయించారు. ఆ ఒప్పుని తప్పు మింగేసింది.

ఆపి, వరస మొదటినుంచి ఎత్తుకున్నారు. మళ్ళీ అక్కడే. ఈసారి చెయ్యి పూర్తిగా పిడికిలైపోయింది. కుడిచేతిలో కమాను గాలిలో ఆగింది.

చిన్నోడు కళ్ళు తెరిచాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత బావ పిడికిలి కనబడింది. ఆ సాయంత్రం కొవ్వొత్తుల దగ్గర విన్న మాట అప్పుడు వాడి చెవిలో పడింది కాబోలు, పీట మీంచి సగం లేచాడు. చేతులు ముందుకు చాచాడు. చేతుల్లో గిటారు లేదు. గిటారు ఉన్నచోటికీ వాడికీ మధ్య వైర్లూ, స్టాండ్లూ, ఇద్దరు మనుషులూ ఉన్నారు. అలాగే సగం లేచి ఉండిపోయాడు. పక్క కుర్చీ అమ్మాయికి ఆ బాణీ వచ్చు. కమాను తీగదాకా తెచ్చి కండక్టర్ వంక చూసింది. కండక్టర్ ఈయన వంక చూస్తోంది. ఈయన చేతి వంక చూసుకుంటున్నారు. అది ఎవరి చెయ్యో అన్నట్టుంది.

చివరికి కండక్టర్ డ్రమ్మర్‌కి సైగ చేసింది. పెద్ద దెబ్బ పడింది. గిటార్లు, బాకాలు, అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. జనం కేకలు వేశారు. బాణీ అక్కడిదాకానే అనుకున్నవాళ్ళు చాలామంది. చివర్లో కండక్టర్ ఆయన్ని లేచి నిలబడమంటే నిలబడ్డారు. చప్పట్లు మోగాయి. వంగి నమస్కరించారు.

వెనకగదిలో చిన్నోడు ఆయన ఎడమచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ సాచి చూశాడు. అన్నీ సాఫీగా సాగాయి.

"బాగానే ఉన్నాయిగా బావా! ఇప్పుడు బాగానే ఉన్నాయిగా!" అని ఏడుపు గొంతుతో అన్నాడు.

"అవున్రా, ఇప్పుడు బాగానే ఉంటాయి" అన్నారు ఆయన.

భార్య లోపలికి వచ్చింది. ఎందుకు చెప్పలేదని అడగలేదు. కోటు తెచ్చి తొడిగి, ఒక్కొక్క గుండీ పెట్టింది. గుండీలు పెట్టుకోవడం ఆయనకి వచ్చు. అయినా చేతులు కిందికి వదిలేసి నిలబడ్డారు.

ఆ తర్వాత ఆయన ఆర్కెస్ట్రా మానేశారు. వ్యాయామాలు చేశారు, సూదులు పొడిపించుకున్నారు, కుడిచేత్తో తీగలు పట్టి ఎడమచేత్తో కమాను లాగడానికి కూడా ప్రయత్నించారు. నవ్వొచ్చి, ఏడుపొచ్చి, వదిలేశారు.

కచేరీ రికార్డు బయటికి వచ్చే ముందు చిన్నోడు వచ్చాడు. వచ్చి చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు.

"ఏమిటో చెప్పరా" అన్నారు బావ.

"సోలో దగ్గర... కంపెనీవాళ్ళు ఉన్నదున్నట్టు వెయ్యం అంటున్నారు బావా. నీ పక్క కుర్చీ అమ్మాయి చేత మళ్ళీ వాయింపించారు. నేను వద్దన్నాను. నా మాట సాగలేదు."

"మంచిదే. బాగా వాయిస్తుంది."

"పేరు మాత్రం నీదే ఉండాలని గొడవపడ్డాను. అది ఒప్పుకున్నారు. నీకోసం కట్టింది కదా." వాడు తల ఎత్తలేదు. "తప్పు చేశానా?"

పేరు తీసెయ్యమని అనాలనిపించింది ఆయనకి. కానీ వాడు గెలవగలిగింది అదొక్కటే. దాన్ని కూడా ఎలా లాక్కుంటారు?

"లేదురా" అన్నారు.

రికార్డు బాగా అమ్ముడుపోయింది. రొట్టెల దుకాణంలో, పోస్టాఫీసు వరసలో, బస్టాపులో జనం ఆయన్ని ఆపి చెయ్యి కలుపుతారు. "ఆ చెల్లో విని మా ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుందండీ" అంటారు. ఆయన "సంతోషమండీ" అంటారు. మొదట్లో ఇద్దరు ముగ్గురికి నిజం చెప్పబోయారు. వాళ్ళు అది వినయమనుకుని ఇంకా ఎక్కువ పొగిడారు.

అత్తగారు ఇప్పుడు వాళ్ళింట్లోనే ఉంటోంది. చెవులు ఇంకా మందగించాయి. మధ్యాహ్నాలు అల్లుడుగారిని కూర్చోబెట్టి ఆ పాట పెట్టించుకుని, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి వింటుంది. భార్య ఆ వేళకి బడిలో ఉంటుంది. ఇంట్లో ఉన్న రోజు ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోతుంది. మెట్లు దిగే వరస వస్తుంది. ఆ అమ్మాయి నాలుగు వేళ్ళతో తేలిగ్గా, నీళ్ళు జారినట్టు దిగిపోతుంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆయన ఎడమచెయ్యి మోకాలి మీద సాఫీగా, కదలకుండా ఉంటుంది.

"నా అల్లుడు!" అంటుంది అత్తగారు, గదిలో ఇంకెవరో ఉన్నట్టు. తర్వాత ఆయన వైపు తిరిగి, "నాయనా, ఇంకోసారి పెట్టు" అంటుంది.

ఆయన లేచి వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి పెడతారు.